కారు లేని కాపురము: పట్టణమందును పల్లెయందును

ప్రతిదినమును ఉదయమున మొదటి గంట మ్రోగుటకు ముందు మన పాఠశాల వాకిట నిలిచి చూచువారికి ప్రయాణసాధనములు ఇంచుమించుగా అన్నియు కనబడును. చేలగట్ల మీదుగా కాలినడకను వచ్చు పిల్లలు కొందఱు; ఒక సైకిలు మీద ఇద్దఱేసి వచ్చువారు కొందఱు; ముగ్గురు కూర్చుండదగిన ఆటోలో తొమ్మండుగురు ఇఱుకుకొని వచ్చువారు కొందఱు; పల్లెవెలుగు బస్సు దిగి పరుగున వచ్చువారు కొందఱు; తండ్రి మోటారుసైకిలు వెనుక పుస్తకముల సంచిని పట్టుకొని కూర్చుండి వచ్చువారు మఱికొందఱు. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో, "మీలో కారులో బడికి వచ్చినవారు చేతులెత్తుడు" అని అడిగితిమి. ఒక్క చేయియు లేవలేదు. పిల్లలందఱును నవ్విరి. అంతట వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "మాస్టారూ, ఫారిన్‌లో అయితే అందరికీ కార్లుంటాయి కదండీ?" అని అడిగెను. మేము జవాబు చెప్ప మొదలిడితిమి గాని, గంట కొట్టుటచే అది సగములో ఆగిపోయినది. ఆ బాలునకును, వానివలెనే తలచు పెద్దలకును మిగిలిన సగమును చెప్పవలెనను తలంపుతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కారు ఉండుట కలిమికిని, లేకుండుట లేమికిని గుర్తని మనలో తఱచు తలంతురు. ఈ తలంపు సగము మాత్రమే నిజము. ఐరోపాలోని పెక్కు పట్టణములలో కారు కొనగల ధనముండియు కొనని కుటుంబములు వేలకు వేలు కలవు. అదే ఐరోపాలోని పెక్కు పల్లెలలో కారు లేనివాడు రొట్టె కొనుటకును, వైద్యుని చూచుటకును, బిడ్డను బడికి పంపుటకును అవస్థ పడుచున్నాడు. కావున కారు లేని కాపురము సుఖమగునా కష్టమగునా యనునది మనుష్యుని సంచిలోని ధనమును బట్టి కంటె అతడు నివసించు చోటును బట్టియే ఎక్కువగా నిర్ణయమగుచున్నది. ఈ సంగతి మనకు మిక్కిలి ముఖ్యము. ఏలయన 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున నూటికి 4.7 కుటుంబములకు మాత్రమే కారుగాని, జీపుగాని, వ్యానుగాని ఉండెను. పల్లెలలో నూటికి 2.3 కుటుంబములకే. సైకిలు గల కుటుంబములు నూటికి 44.8. తరువాత 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కారు గల కుటుంబములు నూటికి ఇంచుమించు 8కి పెరిగినవి. పెరిగినను, నూటికి తొంబదికి పైగా కుటుంబములు కారు లేకయే కాలము గడపుచుండెను. కావున కారు లేనివారి సుఖదుఃఖములు కొందఱి సంగతి కాదు, దేశము సంగతియే.

ముందుగా ఐరోపా పట్టణములను చూతము. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెనులో స్ట్రోగెట్ అను అంగడివీధిని 1962లో మోటారు బండ్లకు మూసి, నడచువారికి విడిచిరి. బేరములు పోవునని అంగళ్లవారు మొదట భయపడిరి. కాని వచ్చు జనము తగ్గలేదు, పెరిగినది. ఇటలీలోని వెనిసు నగరము నూటికి పైగా చిన్న దీవుల మీద కట్టబడినది. మోటారు బండ్లు పోవుటకు 1933లో ఒక వంతెన కట్టిరి గాని అది నగరపు అంచుతోనే ఆగిపోవును. అచట కారు దిగి, ధనికుడైనను బీదవాడైనను నడచియో పడవనెక్కియో పోవలసినదే. ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో 2012లో ఒక టిక్కెట్టును ఏర్పఱచిరి. 2025 చివరివఱకు దాని వెల ఏడాదికి 365 యూరోలు, అనగా దినమునకొక యూరో; అది చెల్లించినవారు ట్రాములలోను, బస్సులలోను, భూగర్భపు రైళ్లలోను ఎన్నిమారులైనను తిరుగవచ్చునని నియమముండెను.

ఈ సౌకర్యము ఆ పట్టణములలో ఎట్లు కుదిరినది? దాని మర్మమును విద్యార్థులు గ్రహింపవలెను. ఇండ్లు దగ్గఱదగ్గఱగా, అంతస్తు మీద అంతస్తుగా ఉన్నందున ఒక్కొక్క నిలుపుచోటికి నడచి రాగలవారు వేలమంది ఉందురు. అంతమంది ఉన్నందున బండి నిండును. బండి నిండుటచే అయిదు పది నిమిషముల కొకటి చొప్పున నడుపుట సాధ్యమగును. అట్లు తఱచుగా వచ్చుటచే జనము వేళలు చూచుకొననక్కఱ లేకయే వచ్చి ఎక్కుదురు. ఎక్కుటచే బండి మఱల నిండును. అంగడి, బడి, వైద్యశాల నడకదూరమున ఉండుటచే కారుతో పనియు తక్కువ. పైగా కారు కొన్నను నిలుపుటకు చోటు దొరకదు. దొరికినను దానికి అద్దె చెల్లింపవలెను. అచట కారు లేకుండుట త్యాగము కాదు, ఒక విధమైన తెఱపి.

ఇది ఆ దేశములవారికి పుట్టుకతో వచ్చినదని తలపరాదు. నెదర్లాండ్సు దేశము సంగతి వినుడు. నేడు ఆ దేశమున జనసంఖ్య కంటె సైకిళ్ల సంఖ్య యెక్కువ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మాత్రము అచటివారును కార్లను విరివిగా కొని, వాటికొఱకు వీధులను వెడల్పు చేసి, సైకిళ్లను ప్రక్కకు నెట్టిరి. ఫలితమేమి? 1971వ సంవత్సరమొక్కదానిలో ఆ చిన్న దేశపు రోడ్ల మీద సుమారు 3,300 మంది మరణించిరి. అందులో 400లకు పైగా పిల్లలు. తలిదండ్రులు వీధులలోనికి వచ్చిరి. "పిల్లల హత్యను ఆపుడు" అను అర్థము గల పేరుతో ఒక ఉద్యమము బయలుదేరినది. 1973లో చమురునకు కఱవు వచ్చినపుడు కొన్ని ఆదివారములు కార్లను నడుపరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. ఆ ఖాళీ రహదారుల మీద జనులు నడచియు సైకిళ్ల మీదను తిరిగి, తాము పోగొట్టుకొన్నదేమో కన్నులార చూచుకొనిరి.

ఆ దేశమునందలి గ్రోనింగెను పట్టణమువారు 1977లో ఒక యుక్తి చేసిరి. పట్టణపు నడిబొడ్డును నాలుగు భాగములుగా విభజించి, ఒక భాగమునుండి మఱియొక భాగమునకు కారు నేరుగా పోరాదని కట్టడి చేసిరి. కారు వెలుపలికి వచ్చి, పట్టణమును చుట్టియున్న రోడ్డును పట్టుకొని, మఱల లోనికి పోవలెను. నడచువారును సైకిలువారును మాత్రము తిన్నగా పోవచ్చును. ఎవరి కారునూ లాగుకొనలేదు. దగ్గఱ దారిని కారునకు కాక కాలికిని సైకిలునకును ఇచ్చిరి, అంతే. కొలదికాలములోనే ఆ పట్టణము సైకిళ్లకు పేరు పొందినది. ఇందు మనము నేర్వదగిన దేమనగా, వీధి యెవరిదో నిర్ణయించువారు మనుష్యులే కాని మోటారు బండ్లు కావు.

ఇక ఐరోపా పల్లెల వైపు పోదము. అచట కథ తలక్రిందగుచున్నది. బ్రిటను దేశమున 1963 మార్చిలో రైల్వే బోర్డు అధ్యక్షుడగు డాక్టరు బీచింగు ఒక నివేదికను ప్రకటించెను. ఏ దారి ఎంత సంపాదించుచున్నదో లెక్కగట్టి, 2,363 స్టేషనులను, సుమారు 5,000 మైళ్ల రైలు దారిని మూయవలెనని అందు సూచించిరి. అందులో చాల భాగము మూయబడెను. ఆ దారులలో పెక్కులు పల్లెలకు పోవునవే. పిమ్మట 1985లో చేసిన చట్టమును బట్టి 1986 నుండి బస్సులను ప్రైవేటు కంపెనీల పోటీకి విడిచిరి. లండను నగరమును మాత్రము మినహాయించిరి. లాభము రాని పల్లెదారులలో బస్సులు పలుచబడినవి. నేడు లండనులో కారు లేక సుఖముగా నుండువాడు, ఇంగ్లండు పల్లెకు కాపురము మార్చినచో మొదట కొనవలసినది కారే.

ఫ్రాన్సు దేశమున 2018 నవంబరు 17న పసుపుపచ్చని చొక్కాలు తొడుగుకొని లక్షలమంది రోడ్లమీదికి వచ్చిరి. మోటారు చమురు మీద పన్ను పెంచుటయే ఆ కలహమునకు తొలి కారణము. పారిసు నగరమున భూగర్భపు రైలెక్కువానికి ఆ పన్ను తగులదు. పల్లెయందుండి ముప్పది నలుబది కిలోమీటర్ల దూరపు పనికి పోవువానికి అది కడుపుమీది దెబ్బ. అతనికి కారు విలాసము కాదు, కాడి. మెడమీదినుండి దింపుకొన వీలులేని కాడి.

అయినను పల్లెలన్నిటికిని ఇదియే గతి యని చెప్పరాదు. స్విట్జర్లాండు పర్వతదేశము. అచట 1906లోనే తపాలాశాఖవారు బెర్ను నగరమునుండి డెట్లిగెను గ్రామమునకు మోటారు బస్సును నడిపిరి. ఆ పసుపుపచ్చని తపాలా బస్సులు నేటికిని కొండదారుల మలుపులలో మూడు స్వరముల బూర మ్రోగించుచు పోవుచున్నవి. 1982లో ఆ దేశపు రైళ్లన్నిటికిని ఒక క్రమము నేర్పఱచిరి. బండి ఒక స్టేషనునకు ఉదయము ఎనిమిది దాటి పది నిమిషములకు వచ్చినచో, తొమ్మిది దాటి పది నిమిషములకును, పది దాటి పది నిమిషములకును మఱల వచ్చును. పల్లెబస్సు ఆ బండికి ఎదురుచూచి, దిగినవారిని ఎక్కించుకొని పోవును. ఏడాది పొడవునను కనీసము నూరుగురు నివసించు ఊరికి ప్రజాప్రయాణ సౌకర్యము కల్పించుటకు ప్రభుత్వపు సొమ్ము వెచ్చింపవచ్చునని అచటి నియమము. లాభము వచ్చునా యని కాక, అచట మనుష్యులున్నారా యని అడిగి బస్సును పంపుచున్నారు. బ్రిటనునకును స్విట్జర్లాండునకును గల భేదము ఈ ఒక్క ప్రశ్నలోనే కలదు.

ఇంతవఱకు పరదేశముల మాట. ఇట్టి ప్రశ్న మన ముంగిటనే నూరేండ్లకు ముందు పుట్టి, మంచి జవాబును పొందినదని మన విద్యార్థులలో ఎందఱు ఎఱుగుదురు? మద్రాసునకును కలకత్తాకును నడుమ తూర్పుతీరపు రైలుదారి మన ప్రాంతమున 1893 మొదలు 1896 లోపల వేయబడినది. మన కోటబొమ్మాళి స్టేషను ఆ దారి మీదిదే. ఆ దారి తీరమును పట్టుకొని పోవుటచే లోపలి ఊళ్లకు ఉపయోగపడలేదు. అపుడు పర్లాకిమిడి రాజైన గౌరచంద్ర గజపతి, మనకు ఈశాన్యమున నున్న నౌపడానుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా తన పట్టణమునకు ఒక చిన్న రైలుదారిని వేయించెను. పట్టాల నడిమి వెడల్పు రెండడుగుల ఆఱంగుళములు మాత్రమే. 1900 ఏప్రిల్ 1వ తేదీన అది ఆరంభమైనది. మొదట కొన్ని సంవత్సరములు దానివలన నష్టమే వచ్చెను. 1910 తరువాత కొంచెము కొంచెముగా లాభము కనబడసాగినది. 1924-25 పిమ్మట అది పెరిగినది. అంతట దారిని గుణుపురము దిక్కునకు పొడిగింప మొదలిడి 1931 నాటికి అచటికి చేర్చిరి. మొదటి పదియేండ్ల లెక్కలు మాత్రమే చూచి మూసివేసియున్నచో, నేడు వంశధార లోయలోని ఊళ్లకు రైలుండెడిది కాదు.

మేము బాల్యమున ఆ చిన్న బండి ఎక్కితిమి. దాని పరుగు సైకిలువానికి నవ్వు పుట్టించునది. అయినను అది వచ్చునను నమ్మకముండెను. ఆ నమ్మకము మీద గంపలలో కూరగాయలును, పనసకాయలును, కొండప్రాంతమునుండి అడ్డాకుల కట్టలును, చింతపండు బుట్టలును అంగడికి దిగుచుండెను. బల్లమీద చోటు లేనిచో గంపమీదనే కూర్చుండుచుండిరి. ఆ దారిని వెడల్పు చేయుటకై 2004లో చిన్న బండిని ఆపిరి. పెద్ద పట్టాలు వేసి 2010లో పర్లాకిమిడి వఱకును, 2011లో గుణుపురము వఱకును మఱల తెఱచిరి. నేడు విశాఖపట్టణమునుండి గుణుపురమునకు బండి మన మీదుగానే పోవుచున్నది. నడుమ ఆ ఆఱేడు సంవత్సరములు బండి లేనపుడే దాని విలువ ఆ దారిలోని వారికి చక్కగా తెలిసివచ్చినది.

ఇక మన పల్లెల కట్టడమును గూర్చి ఒక మాట. అమెరికాలోను, ఐరోపాలోని కొన్ని సీమలలోను రైతు తన పొలము నడుమ ఒంటరిగా ఇల్లు కట్టుకొనును. ఇంటికిని ఇంటికిని అరమైలు దూరము. అట్టిచోట బస్సు ఎక్కడ నిలిచినను అందఱికిని దూరమే. మన శ్రీకాకుళం జిల్లా పల్లెలు అట్టివి కావు. మన పేటలలోను, వలసలలోను, పాలెములలోను ఇండ్లు గోడకు గోడ ఆనించి వరుసగా కట్టుకొందుము. ఒక వీధిలో దగ్గినచో మఱియొక వీధిలో వినబడును. ఊరి మొదట రావిచెట్టుక్రింద బస్సు నిలిచినచో, అయిదు నిమిషములలో ఊరివారందఱును అచటికి నడచి రాగలరు. అనగా కట్టడమునుబట్టి మన పల్లె ఐరోపా పల్లెకంటె ఐరోపా పట్టణపు పేటకే దగ్గఱ. కారు లేకుండ సుఖముగా బ్రతుకుటకు కావలసిన మొదటి గుణము మన పూర్వులు మనకు ఇచ్చియే పోయిరి. కొఱవడినది రెండవది: తెలిసిన వేళకు తప్పక వచ్చు బండి.

ఆ బండి విషయమున మన రాష్ట్రము చేసిన పని చిన్నది కాదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో ఒక రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టిరి. దాని వారసురాలుగా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. పల్లెవెలుగు అను పేరుగల దాని బస్సులను ఎఱుగని తెలుగువాడు లేడు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకమున పల్లెవెలుగు మొదలగు అయిదు విధముల బస్సులలో స్త్రీలకును బాలికలకును ఉచిత ప్రయాణమును రాష్ట్ర ప్రభుత్వము ఏర్పఱచెను. ఐరోపాలోని లక్సెంబర్గు అను చిన్న దేశము 2020లో తన దేశమంతట అందఱికిని బస్సులను, రైళ్లను, ట్రాములను ఉచితము చేసినది. ఇవి మెచ్చదగిన పనులు. అయితే ఉచితమైన టిక్కెట్టు బస్సు వచ్చు ఊరిలోనే ఉపయోగపడును. బస్సు రాని ఊరిలో టిక్కెట్టు వెల ఎంతైనను ఒక్కటే. కావున వెల తగ్గించుట మొదటి మెట్టు; వేళ తప్పకుండుట రెండవ మెట్టు; చివరి ఊరివఱకు పోవుట మూడవ మెట్టు.

ఈ మూడవ మెట్టు తప్పినచో ఏమగునో మేము కన్నులార చూచితిమి. కొన్ని సంవత్సరములకు ముందు మాకు తెలిసిన యొక బాలిక పదవ తరగతి మంచి మార్కులతో ముగించి, ఇంటర్మీడియటు చదువుటకు చేరినది. తన ఊరినుండి కళాశాలకు ఉదయము పోవుటకు బండి ఉండెను. సాయంకాలము వచ్చుటకును ఉండెను. ఏ కారణముననో ఆ సాయంకాలపు బండి నిలిచిపోయినది. పెద్ద రోడ్డు మీద దిగి, చీకటిలో చెఱువుగట్టు వెంట నాలుగైదు కిలోమీటర్లు నడువవలసివచ్చినది. తండ్రి నెల దినములు ఎదురు వెళ్లి తీసికొని వచ్చెను. అతడు కూలి మనిషి. కోతలు రాగానే అతనికి తీరిక లేకపోయినది. బాలిక చదువు అంతటితో ఆగినది. ఆమె పరీక్షలో తప్పలేదు. రుసుము చెల్లింపక పోలేదు. సాయంకాలపు బండి ఒకటి రాలేదు, అంతే. ఆనాడు మేము వారి యింటికి పోయి తండ్రితో మాటాడితిమి. "మాస్టారూ, మీరే చెప్పండి, ఆడపిల్లని ఆ చీకట్లో ఎలా రమ్మంటాను?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా యొద్ద జవాబు లేకపోయెను.

ఇట్టి బాలికలకు సైకిలు ఎంత మేలు చేయునో బీహారు రాష్ట్రము చూపినది. 2006లో ఆ రాష్ట్ర ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకు సొమ్ము ఇయ్యసాగెను. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీని ఫలితములను పరిశీలించి 2017లో ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలలో తగిన వయస్సున చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతున పెరిగినదని వారు కనుగొనిరి. బాలురకును బాలికలకును నడుమ నున్న అంతరము నూటికి 40 వంతు తగ్గినది. బడికి దూరముగా నున్న ఊళ్లలోనే ఈ మేలు ఎక్కువగా కనబడినది. సైకిలు బండి చిన్నదే గాని, అది బడిని ఇంటికి దగ్గఱ చేసినది.

దూరమును తగ్గించుటకు మఱియొక మార్గము కూడ కలదు. మనుష్యుని పనియొద్దకు కొనిపోవుటకు మాఱుగా పనినే మనుష్యుని యొద్దకు తెచ్చుట. మన జిల్లాలోని ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధిచే బాధపడువారు అనేకులు. వ్యాధి ముదిరినవారికి డయాలసిస్ అను రక్తశుద్ధి చికిత్స వారమునకు రెండు మూడు మారులు, ప్రతిమారు ఇంచుమించు నాలుగు గంటలు చేయవలెను. ఇది విశాఖపట్టణమున మాత్రమే దొరకునట్టిదైనచో, కారు లేని బీదవానికి దొరకనట్లే. టెక్కలి, సోంపేట, పలాసలలో ఇట్టి కేంద్రములు వెలసిన పిమ్మట ఎందఱికో ప్రాణము నిలిచినది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రమును తెఱచిరి. ఆసుపత్రిని దగ్గఱ చేయుటయు బస్సును నడుపుటవంటి పనియే. రెండును కారు లేనివాని కాలిని పొడుగు చేయును.

ఇక్కడ పెద్దలతో ఒక మాట మనవి చేయవలెను. రైళ్లును మోటారు బండ్లును రాకముందు జమీందారును, దొరయు, రైతును ఇంచుమించుగా ఎద్దు నడకనే పోవుచుండిరి. గుఱ్ఱమెక్కినవాడు కొంచెము ముందు చేరెడివాడు. జిల్లా అందఱికిని ఒకే పరిమాణము. నేడు అట్లు కాదు. కారు గలవానికి జిల్లా చిన్నది. శ్రీకాకుళమునకు పోయి మధ్యాహ్న భోజనమునకు ఇల్లు చేరును. కారు లేక, బస్సు రాని ఊరివానికి అదే జిల్లా మిక్కిలి పెద్దది. అదే పనికి దినమంతయు పోవును, ఆ దినపు కూలియు పోవును. ఒక్క ఊరిలో ప్రక్కప్రక్క ఇండ్లవారు రెండు వేఱు జిల్లాలలో కాపురమున్నట్లయినది.

మోటారుసైకిలు ఈ కష్టమును తీర్చలేదా యని కొందఱు అడుగుదురు. కొంత తీర్చినది, కాదనము. అయితే దానిలో ఒక చిక్కు కలదు. ఇంటి మగవాడు మోటారుసైకిలు కొనగానే బస్సెక్కుట మానును. అట్లు పదిమంది మానగానే బస్సు ఖాళీగా నడచును. ఖాళీ బస్సును తగ్గింతురు. తగ్గింపగానే మిగిలినవారిలో అప్పు చేయగలవారు తామును మోటారుసైకిలు కొందురు. చివరకు బస్సు నిలిచిపోవును. అపుడు నష్టపోవువారెవరు? బండి నడుపలేని ముసలివారు, పిల్లలు, ఇంటి స్త్రీలు, రోగులు. కొత్తమ్మ తల్లి జాతరనాడు మన ఊరికి వచ్చు బండ్లన్నియు క్రిక్కిఱిసి యుండుటను అందఱును చూచుచున్నాము. మిగిలిన దినములలో కూడ కొందఱైనను ఎక్కినగాని ఏ బండియు నిలువదు. పట్టణమున చక్రము పైకి తిరిగినట్లే, పల్లెయందు అదే చక్రము క్రిందికిని తిరుగగలదు. ఇంగ్లండు పల్లెలలో జరిగినది ఇదియే.

ప్రాణభయము వేఱుగ నున్నది. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములచే 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా మోటారుసైకిళ్లు మొదలగు ద్విచక్రవాహనముల మీదివారు. 32,825 మంది కాలినడకను పోవువారు. అనగా చనిపోయినవారిలో పెక్కురు కారులోనివారు కారు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి మన మండలము గుండ పోవుచున్నది. ఆ రహదారి దూరపువారికి దగ్గఱ దారి. దానిని దాటవలసిన మన పిల్లలకు మాత్రము గెడ్డలో వరద వంటిది. 1971లో నెదర్లాండ్సు తలిదండ్రులు అడిగిన ప్రశ్నను మనమును అడుగుటలో తప్పు లేదు.

కావున మేము చెప్పదలచినది ఇంతే. ఐరోపా పట్టణమువాడు కారు లేక సుఖించుట వాని గొప్ప కాదు. వాని ఊరు అట్లు అమర్చబడినది. మన పల్లెవాడు కారు లేక కష్టపడుట వాని తప్పు కాదు. వాని దారి ఇంకను అమర్చబడలేదు. ఒక ఊరు బాగుగా నున్నదా లేదా యని తెలిసికొనుటకు ఎన్ని కార్లున్నవో లెక్కింపనక్కఱలేదు. కారు లేని పదునైదేండ్ల బాలిక చదువునకు పోయి చీకటి పడకముందు ఇల్లు చేరగలదా, కారు లేని ముసలివాడు ఆసుపత్రికి పోయి అదే దినమున తిరిగి రాగలడా యని అడిగిన చాలును.

ఇందులో మనము చేయదగిన పనులు కూడ కలవు. విద్యార్థులారా, సైకిలు మీద వచ్చువారు రోడ్డునకు ఎడమ ప్రక్కనే వరుసగా రండు. ముగ్గురు ప్రక్కప్రక్కన ముచ్చటలాడుచు రావలదు. రాత్రివేళ కనబడునట్లు వెనుక ఎఱ్ఱని అద్దపు బిళ్లను తగిలింపుడు. కాలినడకను వచ్చువారు ఎదుట వచ్చు బండి కనబడునట్లు కుడి ప్రక్కను నడువుడు. తలిదండ్రులారా, బస్సు వచ్చు దారియందు వారమునకు రెండు మారులైనను బస్సెక్కుడు. అది మీ బిడ్డ బస్సును నిలుపుకొనుటయే. బస్సు రాని ఊరివారు నలుగురు కూడి, ఏ వేళకు ఎందఱు పిల్లలు పోవుచున్నారో పేరుపేరున వ్రాసి, అర్జీ పెట్టుకొనుడు. ఊరక "బస్సు లేదు" అని చెప్పుటకంటె, "సాయంకాలము అయిదు గంటలకు పదునెనిమిది మంది పిల్లలు నిలిచియున్నారు" అని చూపుట బలవత్తరము. అట్టి పట్టికలు వ్రాయుటకు మన ఉపాధ్యాయులు తోడ్పడుదురు. మేమును సిద్ధముగా నున్నాము.

పైని చెప్పిన బాలికకు ఒక చెల్లెలు కలదు. ఆమె ఇపుడు మన పాఠశాలలోనే చదువుచున్నది. అక్క నడువలేక మానుకొన్న ఆ చెఱువుగట్టు మీదనే ప్రతి ఉదయము సైకిలు త్రొక్కుచు, మఱి ముగ్గురు బాలికలతో కూడి వచ్చుచున్నది. నలుగురు కలిసి వచ్చుటచే తలిదండ్రులకు భయము లేదు. ఆమెకు కారు లేదు. ఇప్పట్లో వచ్చునన్న ఆశయు లేదు. పదవ తరగతి ముగిసిన పిమ్మట ఆమె పోవలసిన కళాశాల సైకిలునకు అందని దూరమున నున్నది. ఆమె చదువు ముందునకు సాగునా, అక్క చదువువలె ఆగునా యనునది మరల ఒక సాయంకాలపు బండి మీదనే ఆధారపడియున్నది. ఆ వేళకు ఆ బండి వచ్చునట్లు చేయుటకు మనకు ఇంకను రెండు సంవత్సరముల గడువు కలదు.